చుక్కల కుక్కకు చుక్కలు చూపించిన జన్యువు

తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కలు... ఎవరో సిరాబుడ్డి విదిలించినట్టు! డాల్మేషియన్ కనిపిస్తే పిల్లలు కదలరు. 1961లో డిస్నీ వాళ్లు దాన్ని కార్టూన్ సినిమాకెక్కించాక ఆ కుక్కకు ఊరూరా అభిమానులే. అలాంటి ముద్దుల కుక్క కాలెత్తి నిలబడి, ఎంతసేపటికీ చుక్క మూత్రం రాక మూలుగుతుంటే ఇంటిల్లిపాదికీ ఆ పూట అన్నం సహించదు. ఏం తిండి పెట్టాం, ఎక్కడ పొరపాటు చేశాం అని తలలు పట్టుకుంటారు. అసలు లోపం వాళ్ల పెంపకంలో లేదు, కుక్క పుట్టుకలోనే ఉంది!

తలుపు తెరుచుకోదు

ఒంట్లో తయారయ్యే యూరిక్ యాసిడ్‌ని మామూలు కుక్కల కాలేయం అల్లంటాయిన్ అనే పదార్థంగా మార్చేస్తుంది. అది నీళ్లలో తేలిగ్గా కరిగి మూత్రంతో బయటికెళ్తుంది. డాల్మేషియన్ కాలేయంలోనూ ఆ పని చేసే ఎంజైము ఉంది. కానీ యూరిక్ యాసిడ్ కాలేయ కణాల్లోకి వెళ్లే తలుపే సరిగా తెరుచుకోదు. మూత్రపిండాలూ దాన్ని వెనక్కి తీసుకోలేవు. దాంతో అదంతా మూత్రంలోకి చేరి, కొన్నింటిలో ఇసుకలా, రాళ్లలా గట్టిపడుతుంది. ఆడకుక్కల్లో మూత్రమార్గం వెడల్పు కాబట్టి చిన్న రాళ్లు జారిపోతాయి. మగకుక్కకు ఆ దారిలో ఓ ఎముక ఉంటుంది. అక్కడ గొట్టం సాగదు. రాయి అక్కడే ఇరుక్కుంటుంది. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

ఒక్క పాయింటర్ చాలింది

లోపమున్న కుక్కల్ని పక్కన పెట్టి, లేనివాటిని జత కలిపితే సరిపోదా? సరిపోయేదే! చిక్కేమిటంటే స్వచ్ఛమైన డాల్మేషియన్లన్నిటిలోనూ లోపం ఉంది. మంచి జన్యువు ఆ జాతిలోనే మిగల్లేదు. అందుకే 1973లో అమెరికా జన్యు శాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ ఓ డాల్మేషియన్‌ని పాయింటర్ జాతి కుక్కతో జత కలిపారు. పుట్టినవాటిలో మంచి జన్యువు ఉన్నవాటిని ఏరి, మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చారు. తరం మారినకొద్దీ పాయింటర్ వాటా సగానికి సగం తగ్గుతుంది. పది తరాలయ్యేసరికి వెయ్యిలో ఒక వంతే! చూడ్డానికి అచ్చం చుక్కల కుక్కే, మూత్రం మాత్రం మామూలు కుక్కది.

1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి రెండు కుక్కల్ని నమోదు చేసుకుంది. వెంటనే గగ్గోలు మొదలైంది. జాతి స్వచ్ఛత మంటగలిసిపోతోందంటూ డాల్మేషియన్ పెంపకందారులే అభ్యంతరం చెప్పారు. నమోదు ఆగిపోయింది. 2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో డానికా బనాష్ బృందం ఎస్ఎల్‌సీ2ఏ9 అనే జన్యువులో లోపాన్ని పట్టుకుంది. ఏ కుక్కలో మంచి జన్యువుందో డీఎన్‌ఏ పరీక్షతో తేల్చేసే వీలు కలిగింది. చివరికి 2011లో అమెరికన్ క్లబ్ ఆ కుక్కలకు తలుపులు తెరిచింది. కాగితం మీది స్వచ్ఛత కోసం ముప్ఫై ఏళ్లు పోయాయి. బాధ పడింది మాత్రం నోరులేని జీవాలు!

మేనరికం లెక్కే

వెనకటికి మేనరికాలు వద్దని డాక్టర్లు చెబితే పెద్దలు వినేవారు కాదు. జాతి కుక్కలదీ అదే కథ. షోలో బహుమతి కొట్టిన మగకుక్కతోనే అందరూ క్రాసింగ్ చేయిస్తారు. దాంట్లో దాగిన లోపం కూడా ఊరంతా పాకుతుంది. న్యూఫౌండ్‌ల్యాండ్ జాతిలో రాళ్లు తెచ్చే సిస్టిన్యూరియా ఇలాంటిదే. పైకి ఆరోగ్యంగా కనిపించే తల్లీ తండ్రీ ఇద్దరూ లోపాన్ని మోస్తుంటే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీల్లో మరో తంటా. మూత్రపిండం నుంచి వచ్చే గొట్టం మూత్రాశయంలో కాక దాన్ని దాటి కింద తెరుచుకుంటుంది. ముఖ్యంగా ఆడపిల్లలు పడుకున్నచోటల్లా తడిపేస్తాయి. 'ఎంత నేర్పినా రాదు' అని కొట్టేవాళ్లూ ఉన్నారు. పాపం, దాని చేతిలో ఏముంది? స్కానింగ్‌లో బయటపడితే చాలావాటికి ఆపరేషన్ చేయొచ్చు. అయితే, తగ్గింది కదా అని దానితో పిల్లల్ని కనిపించకూడదు.

కొనేముందు అడగండి

పెడిగ్రీ కాగితం తాత ముత్తాతల పేర్లు చెబుతుందే తప్ప ఆరోగ్యం సంగతి చెప్పదు. కాబట్టి తల్లిని చూపించమనండి. ముందు ఈతల్లో పుట్టినవాటికి మూత్రం సమస్యలొచ్చాయా, డీఎన్‌ఏ పరీక్ష చేయించారా అని నిలదీయండి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు.

ఇంట్లో ఇప్పటికే డాల్మేషియన్ ఉంటే కంగారొద్దు. అన్నిటికీ రాళ్లు రావు. నీళ్లు ధారాళంగా పెట్టండి. రోజుకు నాలుగైదుసార్లు బయట తిప్పండి. చవగ్గా వస్తుందని మాంసం కొట్టు నుంచి కార్జం, కిడ్నీలు తెచ్చి పెట్టొద్దు. ముక్కుతూ చుక్కచుక్కగా పోస్తుంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

చుక్కలు ఎంత ముద్దుగా ఉన్నాయన్నది మనకు పట్టింపు. కుక్కకు కావాల్సింది మాత్రం సుఖంగా కాలెత్తగలగడమే!