అద్దం తనను తాను దిద్దుకుంటుంది, మరి ఆసుపత్రి గాలి?

మిత్రులారా, మన సంచికలో సైన్సు వ్యాసం అంటే చంద్రయాన్ గురించో, కలాం గారి గురించో రాయడం ఆనవాయితీ. అవి రాయాల్సినవే. ఈసారి నేను మాత్రం రెండు వేర్వేరు వస్తువులను పక్కపక్కన పెట్టి ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. ఒకటి నక్షత్రాలను చూసే అద్దం. రెండోది ఆసుపత్రిలో చల్లగాలినిచ్చే ఏసీ.

నక్షత్రాలు ఎందుకు మిణుకుమంటాయో పదో తరగతిలో చదివాం. వేడిగాలి, చల్లగాలి పొరలు కదులుతుంటే వాటి గుండా వచ్చే వెలుగు అటూ ఇటూ వంగుతుంది. మనకది అందం, ఖగోళ శాస్త్రజ్ఞులకు తలనొప్పి. ఎంత పెద్ద టెలిస్కోప్ కట్టినా బొమ్మ మసకగానే వస్తుంది. 1953లో హోరేస్ బాబ్‌కాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికి ఉపాయం చెప్పాడు. వెలుగు ఎంత వంకరపోయిందో కొలిచి, అందుకు తగ్గట్టు అద్దం ఉపరితలాన్నే మారిస్తే సరిపోతుందన్నాడు. ఆ ఊహ ఆచరణలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. చిలీ దేశంలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌లో 2016లో అమర్చిన అద్దం వెడల్పు 1.1 మీటర్లు, మందం సుమారు 2 మిల్లీమీటర్లే. దాని వెనుక 1,170 చిన్న పరికరాలు సెకనుకు వెయ్యి సార్ల దాకా దాని ఆకారాన్ని దిద్దుతుంటాయి.

ఇందులో మంత్రమేమీ లేదు. కొలవడం, తప్పెంతో తెలుసుకోవడం, వెంటనే దిద్దడం, మళ్లీ కొలవడం. అంతే.

ఇక ఆసుపత్రికి వద్దాం. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, తడిసిన చొప్పలో ఉంటుంది. దాని బీజాలు రెండు మూడు మైక్రాన్లే. మనమంతా రోజూ పీలుస్తూనే ఉన్నాం, ఆరోగ్యవంతులకు సాధారణంగా ఏమీ కాదు. కానీ ఆపరేషన్ బల్ల మీద ఒళ్లు తెరిచి ఉన్న మనిషికి, క్యాన్సర్ మందులతో శక్తి తగ్గిన మనిషికి అవే ప్రాణాంతకం. ఏసీ లోపల కాయిల్ ఎప్పుడూ తడిగా ఉంటుంది. దుమ్ము పట్టి, కింద ట్రేలో నీళ్లు నిలిస్తే ఫంగస్‌కు అదే ఇల్లు.

ఇది పేద దేశాల సమస్య అనుకోకండి. అమెరికాలోని సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో 2001 నుంచి 14 మంది పిల్లలకు ఈ ఫంగస్ సోకిందని, ఆరుగురు చనిపోయారని, గాలి సరఫరా వ్యవస్థే కారణం కావచ్చని 2019 నవంబర్‌లో ఆసుపత్రి యాజమాన్యమే ఒప్పుకుంది. ఆ తర్వాత ఆపరేషన్ థియేటర్లకు హెపా ఫిల్టర్లు బిగించారు. 0.3 మైక్రాన్ల కణాలను సైతం 99.97 శాతం ఆపగల ఫిల్టర్లవి. డబ్బున్న చోట కూడా లోపం అంతకాలం సాగింది.

మన దగ్గర 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ తర్వాత 13 మందికి ఇన్‌ఫెక్షన్ సోకి, కొందరు చూపు పోగొట్టుకున్నారు. అది గాలి వల్ల కాదు, వాడిన ద్రావణంలో బ్యాక్టీరియా ఉన్నట్టు బయటపడింది. కారణం వేరైనా పాఠం ఒకటే. పరీక్ష జరగాల్సింది నష్టం జరిగాక కాదు, జరగక ముందు.

కొనడంలో మనం వెనకబడిలేం. ఏసీ బిగించిన రోజు రిబ్బన్ కత్తిరిస్తాం, ఫొటో దిగుతాం. దాని జాలీ ఎప్పుడు కడిగారని అడిగేవాళ్లుండరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టింది. ఒకప్పుడు గొప్ప పేరున్న ఆ వేధశాల తర్వాత ఏళ్ల తరబడి వాడకం లేక మూలనపడింది. టెలిస్కోప్ అయినా ఏసీ అయినా మన జబ్బు ఒకటే.

ఈ జబ్బుకు మూలం డబ్బు లేకపోవడం ఒక్కటే కాదని నా అభిప్రాయం. శుభ్రం చేసే పనిని చిన్నచూపు చూసే సమాజం మనది. అద్దాన్ని దిద్దేవాడిని సైంటిస్టు అంటాం, జాలీ కడిగేవాడిని పేరు పెట్టి కూడా పిలవం. కాంట్రాక్టు మీద, శిక్షణ లేకుండా, తక్కువ జీతానికి ఆ పని చేసేది ఎక్కువగా మన వాళ్లే. ఆ గాలి కింద పడుకునేది కూడా మన వాళ్లే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా వాళ్లకు జబ్బు చేస్తే ప్రైవేటు ఆసుపత్రి మెట్లెక్కే స్తోమత లేదు. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి.

"గాలి పరీక్షకు ఖర్చెక్కడిది?" అనవచ్చు. ఫంగస్ పెరిగే అగార్ పోసిన పెట్రీ ప్లేటును గదిలో గంటసేపు తెరిచి ఉంచి, కొన్ని రోజులు పొదిగిస్తే ఎన్ని మచ్చలు వచ్చాయో లెక్కపెట్టవచ్చు. మైక్రోబయాలజీ ఉన్న ఏ డిగ్రీ కాలేజీ అయినా చేయగల పని. పెద్ద యంత్రమంత కచ్చితంగా ఉండదు, నిజమే. అసలు కొలవకపోవడం కన్నా నయం కదా!

కాబట్టి నేను కోరేది మూడే. ప్రతి ఆపరేషన్ థియేటర్ బయట ఫిల్టర్ మార్చిన తేదీ, గాలి పరీక్ష ఫలితం అందరికీ కనబడేలా బోర్డు మీద రాయాలి. ఆ పని చేసేవారికి శిక్షణ, మాస్కు, గౌరవమైన జీతం ఇవ్వాలి. జహీరాబాద్ చుట్టుపక్కల సైన్సు విద్యార్థులకు ఈ పరీక్షలను ప్రాజెక్టుగా అప్పగించాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీలో ఒకరు రేపు టెలిస్కోప్ అద్దం తయారుచేస్తే గర్విస్తాను. ఐటీఐ చదివి ఆసుపత్రి ఏసీని సరిగా చూసుకునే ఒకరిని చూసినా అంతే గర్విస్తాను. ముందుగా ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: "ఈ ఏసీ ఎప్పుడు కడిగారు సార్?"

— ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం) ద్వితీయ సంవత్సరం,
హాస్టల్ పూర్వ విద్యార్థి, జహీరాబాద్