కొట్టివేయరాని అంకె

కార్తికమాసపు చివర చీకటిరాత్రి, పల్నాటిసీమయందలి మాచవరమున, ఊరి దీపములకు దూరముగ పొలముగట్టుపై నిలిచిన బాలునకు నడినెత్తికి కొంచెము ఉత్తరముగ పలుచని మసక యొకటి కనబడును. అది మబ్బు కాదు. సుమారు 25 లక్షల కాంతిసంవత్సరముల దూరమున నున్న దేవయాని గెలాక్సీ. వేలకొలది కోట్ల నక్షత్రములు సుడివలె చుట్టుకొని తిరుగుచున్న మహాసమూహమది.

ఆ సుడి తిరుగు తీరు వింతయైనది. తిరుగలిరాతికి నడుమకంటె అంచు వేగముగ కదలును. గ్రహముల నడక వేఱు. సూర్యునికి దగ్గఱనున్న బుధుడు సెకనుకు సుమారు 47 కిలోమీటర్లు పోవగా, దూరముననున్న నెప్ట్యూన్ సుమారు 5 కిలోమీటర్లే పోవును. గెలాక్సీలందును వెలుగు నడుమనే దట్టముగ నుండును గనుక, వెలుపలి చుక్కలు గ్రహములవలె మందగించునని శాస్త్రజ్ఞులు తలచిరి.

1970లో అమెరికాయందు వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనువారు దేవయాని వేగములను కొలిచి ప్రకటించిరి. అంచున వేగము తలచినట్లు తగ్గలేదు. వారు అంకెను దిద్దలేదు. ఇతర గెలాక్సీలను కొలిచిరి. 1980లో ప్రకటించిన 21 గెలాక్సీలందును వేగము అట్లు పడిపోలేదు. అంత వేగముగ పోవు చుక్కలను పట్టియుంచుటకు కనబడు పదార్థపు ఆకర్షణ చాలదు. కావున కంటికి కనబడని కృష్ణపదార్థము కలదని పెక్కురు నమ్ముచున్నారు. ఆకర్షణ సూత్రమునే సవరింపవలెనని 1983లో మిల్‌గ్రోమ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. కృష్ణపదార్థము నేటికిని ఏ పరికరమునకును నేరుగ చిక్కలేదు.

మన పాఠశాలలలో జరుగుచున్నదేమి? లోలకపు ఊపులను లెక్కించిన విద్యార్థి, తన అంకె పుస్తకములోని దానితో సరిపడనిచో, మార్కుల భయముచే దానిని చెఱిపి పుస్తకపు అంకెను వ్రాయుచున్నాడు. బాలుని అంకె పెక్కుసారులు పొరపాటే కావచ్చును. కాని ఆ పొరపాటు మఱల కొలిచిన తెలియునుగాని చెఱిపిన తెలియదు. చెఱిపినవానికి తన తప్పును తెలియదు, ప్రకృతి చెప్పిన క్రొత్తమాటయు వినబడదు.

కావున ఉపాధ్యాయులు సరిపడిన అంకెకు గాక, ఉన్నదున్నట్లు వ్రాసిన అంకెకు మార్కులు వేయవలెను. మాచవరపు బాలునకు గొప్ప దూరదర్శిని లేకపోవచ్చును, నోటుపుస్తకము కలదు. అందులో తాను చూచినదే వ్రాయుట వానికిని సాధ్యమే.