పరభాషా పఠనము - విశ్వవిద్యాలయ ప్రవేశము

పదవ తరగతి ఫలితములు వెలువడినది మొదలు జూనియరు కళాశాలలు తెరచువరకు మన పట్టణములలో అనేక గృహములయందు ఒకే ప్రశ్న వినవచ్చుచుండును. పిల్లవాడు ద్వితీయభాషగా దేనిని గైకొనవలెను? ఈ ప్రశ్నకు లభించు సమాధానము పిల్లవాని యభిరుచినిబట్టి గాని, భాషయొక్క ప్రయోజనమునుబట్టి గాని యుండుట అరుదు. "ఫ్రెంచి అయిన మార్కులు సులభముగా వచ్చును, సంస్కృతమైనను వచ్చును, తెలుగైనచో మార్కులు తగ్గును" అని ప్రవేశముల బల్లయొద్ద కూర్చున్న ఉద్యోగి చెప్పును. తండ్రి తల యూపును. దరఖాస్తు పూర్తియగును. పది సంవత్సరములు సాగిన తెలుగు చదువు రెండు నిమిషములలో ముగిసిపోవును. ఈ బేరమున లాభమెంత, నష్టమెంత యని తరచి చూచుట నేటి మా యుద్దేశము.

మేము పరభాషలకు విరోధులము గాము. ఒక భాష నేర్చినవానికి ఒక లోకము తెరచుకొనునని మేమును నమ్ముదుము. 1817లో మద్రాసునకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను కొలువుకొరకై తెలుగు నేర్వవలసి వచ్చినది. ఆనాటి సివిలు ఉద్యోగులు దేశభాషా పరీక్షలయందు నెగ్గవలసియుండెను. పరీక్షకై మొదలిడిన చదువు ఆయన చేత జీవితకాలపు కృషిగా మారి, 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుగా ఫలించినది. కావున పరీక్షకొరకు భాష నేర్చుట తప్పని మేమనము. నేర్చుట యనునది నిజముగా జరుగుచున్నదా, ఆ నేర్పును కోరు ద్వారమొకటి నిజముగా నున్నదా యనునవియే మా ప్రశ్నలు.

మొదట ద్వారముల లెక్క చూతము. ఇంటర్మీడియటులో ఎం.పి.సి. చదువు విద్యార్థికి చిరకాలము చెల్లిన లెక్క 1,000 మార్కులు. అందు ఇంగ్లీషునకు 200, ద్వితీయభాషకు 200. గణిత, భౌతిక, రసాయన శాస్త్రములకు మిగిలిన 600. భాషలలో మార్కులు పెరిగిన మొత్తము పెరుగుననుట నిజమే. కాని ఆ మొత్తమును చూచి సీటు నిచ్చువా రెవ్వరు? ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ఇంటర్మీడియటు మార్కులకు నూటికి 25 పాళ్ల విలువ కట్టిన సంవత్సరములలోను లెక్కకు వచ్చినవి శాస్త్రవిషయముల మార్కులే గాని భాషల మార్కులు గావు. తెలంగాణమున ఆ పాతిక పాళ్ల విలువయు 2023లో రద్దయినది. వైద్యవిద్యకు నీట్ పరీక్షలోని ర్యాంకే ప్రమాణము; ఇంటర్మీడియటున అర్హతకు వలసిన కనీసపు మార్కులు దాటినపిమ్మట ద్వితీయభాషలో 99 వచ్చెనా, 79 వచ్చెనా యని అడుగువారు లేరు. ఇంజనీరింగు, వైద్యములకై సంతానమును కళాశాలలకు పంపు తల్లిదండ్రులే ఈ ద్వితీయభాషా బేరమునకు ముందుగా లోనగుచుండుట విచారకరము. తమకు అక్కరకు రాని మార్కులకొరకు వారు తమ భాషను విడుచుచున్నారు.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. భాషామార్కులకు విలువ యున్న తావులును కలవు. వానిని దాచుట న్యాయము గాదు. 2013 మొదలు 2016 వరకు జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకులలో పన్నెండవ తరగతి మార్కులకు నూటికి 40 పాళ్లు ఇచ్చిరి. అందు ఒక భాషయు చేరియుండెను. ఆ పద్ధతి 2017లో తొలగినది. నేడు ఎన్.ఐ.టి.లలో ప్రవేశమునకు ర్యాంకుతోపాటు పన్నెండవ తరగతిలో నూటికి 75 మార్కులైనను, బోర్డులో మొదటి 20 పర్సంటైలున స్థానమైనను ఉండవలెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు 65 మార్కులు చాలును. ఆ లెక్కలోను ఒక భాష చేరును. అయితే అది దాటవలసిన గడప మాత్రమే. గడప దాటినవానికి అదనపు మార్కులవలన ర్యాంకు పెరుగదు. అంతియకాక ఆ ఒక్క భాష ఇంగ్లీషైనను చాలును.

ఢిల్లీ విశ్వవిద్యాలయపు కథయు గమనింపదగినది. 2021 వరకు అచటి కళాశాలలు పన్నెండవ తరగతి మార్కులనుబట్టి సీట్లిచ్చుచుండెను. 2022లో ఉమ్మడి ప్రవేశపరీక్ష వచ్చి ఆ మార్కుల ప్రాధాన్యమును తీసివేసినది. ఆ యేడు పరీక్షలో ఇంగ్లీషు, తెలుగు మొదలగు 13 భాషలును, ఫ్రెంచి, జర్మను, జపానీయము మున్నగునవి చేరిన మరి 20 భాషలును ఉండెను. 2025లో ఆ యిరువదింటిని తొలగించి 13 భాషలనే నిలిపిరి. ఆ పదుమూడింట తెలుగు కలదు, ఫ్రెంచి లేదు. మార్కులకై తెలుగును విడిచి ఫ్రెంచిని పట్టిన విద్యార్థి ఈ పరీక్షకు వచ్చుసరికి తాను పట్టినది పనికిరాక, విడిచినది చేతలేక, ఇంగ్లీషొక్కటియే శరణమై నిలుచును.

మరి పరభాష నిజముగా విశ్వవిద్యాలయపు తలుపు తెరచు తావులు లేవా? ఉన్నవి. జర్మనీ దేశమున ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింట బోధనా రుసుము లేదు. బాడెన్ వుర్టెంబర్గు రాష్ట్రము మాత్రము 2017 నుండి ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థుల యొద్ద షాణ్మాసికమునకు 1,500 యూరోలు తీసికొనుచున్నది. అచటి పట్టభద్ర తరగతులు చాలవరకు జర్మను భాషలోనే నడచును. ప్రవేశము గోరువాడు ఐరోపా భాషాప్రమాణపు ఆరు మెట్లలో సాధారణముగా ఐదవ మెట్టు నందుకొనవలెను. మన ఇంటర్మీడియటుతో మాత్రమే నేరుగా చేరుట సాధారణముగా కుదరదు గనుక అనేకులు ముందుగా సన్నాహక కళాశాలలో చదువవలసి యుండును. అచటను జర్మను భాషయే ఆధారము. ఇట్టి గమ్యము గలవానికి జర్మను నేర్చుట మార్కుల యుపాయము గాదు, ప్రాణావసరము.

అమెరికాలో మరియొక రీతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము తన ప్రవేశార్హతలలో ఇంగ్లీషు గాక మరియొక భాషను రెండేండ్లు చదివియుండవలెనని విధించి, మూడేండ్లు చదివిన మేలనుచున్నది. ఆ నియమము కోరునది ఇంగ్లీషేతర భాషను. అది ఐరోపా భాషయే కావలెనని యందు లేదు. ఇంట మాటలాడు మాతృభాషలో తగిన ప్రావీణ్యమును చూపినను చెల్లును. అదే రాష్ట్రము రెండు భాషలలో ప్రవీణులైన విద్యార్థుల పట్టాలపై ద్విభాషా ముద్ర వేయు పద్ధతిని 2012 నుండి అమలు జరుపుచున్నది. అచట స్థిరపడిన మన తెలుగువారు వారాంతములందు తమ పిల్లలకు అక్షరములు దిద్దించుచున్నారు. 2007లో అచట ఆరంభమైన సిలికానాంధ్ర మనబడి ఇందుకు నిదర్శనము. ఇచట హైదరాబాదునను విజయవాడయందును తెలుగు విడిచిన మార్కులు వచ్చుననుచుండగా, సముద్రములకావల తెలుగు నేర్పుటకై తల్లిదండ్రులు ఆదివారములను వెచ్చించుచున్నారు. ఈ వైపరీత్యమును ఏమనవలెను?

భాష చదువునకు తలుపగుట మనకు క్రొత్త గాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. ఆ విశ్వవిద్యాలయమున చదువగోరిన తెలుగు బాలుడు ఉర్దూ నేర్వవలసినదే. మాతృభాషకు చోటు లేని యా యేర్పాటును మేము మెచ్చుట లేదు. కాని అట్లు నేర్చినవారికి ఆ భాష నిజముగా పట్టుబడినది. దానిలో చదివిరి, వ్రాసిరి, వాదించిరి. నేటి మన ద్వితీయభాషా పఠనమునకు ఆ ఫలమైనను లేదు. వర్ణమాలతో మొదలుపెట్టిన ఫ్రెంచి రెండేండ్లలో ఊహించిన ప్రశ్నలకు బట్టీపట్టిన జవాబులుగా ముగియును. 190 మార్కులు తెచ్చుకొనిన విద్యార్థి ఒక ఫ్రెంచి పత్రికను చేతికిచ్చిన చదువలేడు. ఫ్రెంచివాడు పలుకరించిన బదులు చెప్పలేడు. సంస్కృతము మనకు పరభాష గాదు. తెలుగు కవిత్వము దాని పాలు త్రాగి పెరిగినది. అట్టి భాషను మార్కులు రాల్చు చెట్టుగా జేసి దులుపుకొనుట దానికిని గౌరవము గాదు. కొన్ని ప్రశ్నలకు సంస్కృతములోనే గాక వేరు భాషలోను జవాబు వ్రాయవచ్చునను వెసులుబాటుతో సాగిన పరీక్ష ఏ భాషను నేర్పును?

ఇందు మరియొక యన్యాయము గలదు. ఫ్రెంచి యధ్యాపకుని జీతమిచ్చి నిలుపుకొనగలవి నగరములలోని ధనిక కళాశాలలు. మండల కేంద్రపు ప్రభుత్వ కళాశాలలో చదువు కూలివాని బిడ్డకు ఆ యవకాశము లేదు. అతడు తెలుగు వ్రాయును. పద్యమునకు తాత్పర్యము, వ్యాకరణము, వ్యాసము వ్రాసి మార్కులు పోగొట్టుకొనును. ఒకే పట్టాపై ఒకే పేరుతో అచ్చగు ద్వితీయభాషా మార్కులు ఇరువురియందు ఒకే శ్రమకు ఫలములు గావు. ఇది సమానత్వమని మేమనలేము.

తెలంగాణ ప్రభుత్వము 2018లో చట్టముచేసి ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు తెలుగు బోధనను నిర్బంధము చేసినది. మేము దానిని హర్షింతుము. కాని ఆ నిర్బంధము పదవ తరగతితో తీరును. ఆ తరువాతి మెట్టునందే మార్కుల లెక్క తెలుగును వెలుపలికి నెట్టుచున్నది. పదునారేండ్ల ప్రాయమున విడిచిన భాష బాల్యభాషగానే నిలిచిపోవును. అర్జీ వ్రాయుటకు, చట్టము చదువుటకు, శాస్త్రము చెప్పుటకు వలసిన ప్రౌఢి ఆ ప్రాయమునకు పిమ్మటనే గదా యలవడవలసినది!

కావున మా సూచనలు కొన్ని కలవు. ఏ ప్రవేశమునకు ఏ భాషామార్కులు లెక్కకు వచ్చును, ఏవి రావు అను వివరమును బోర్డులు ఏటేట తెలుగులో ముద్రించి ప్రతి కళాశాల గోడపైనను అంటింపవలెను. పుకార్లపై నడచు వ్యాపారము దీనితో సగము తగ్గును. రెండవది, ద్వితీయభాషా పరీక్షలన్నియు సమానమైన గట్టిదనముతో నుండవలెను. ముందు చూడని గద్యభాగమును చదివి యర్థము చెప్పుట, ఆ భాషలోనే వ్రాయుట, నోట మాటలాడుట పరీక్షయందు చేరవలెను. అప్పుడు ఫ్రెంచిని కోరువాడు ఫ్రెంచి నేర్చుటకే కోరును. మూడవది, పరభాష తెలుగునకు తోడుగా రావలెను గాని తెలుగునకు మారుగా రారాదు. హైదరాబాదునందే ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయము కలదు. అచట శిక్షణ పొందిన యధ్యాపకులను ప్రభుత్వ కళాశాలలకును పంపి, కోరిన విద్యార్థికి జర్మనునో జపానీయమునో అదనపు విషయముగా నేర్పిన, బీదవాని బిడ్డకును పైదేశపు తలుపు తట్టు బలము కలుగును.

తల్లిదండ్రులకు మేము విన్నవించునది యింతే. మీ బిడ్డ జర్మనీకో ఫ్రాన్సునకో పోదలచినచో ఆ దేశపు భాషను నేడే మొదలిడి శ్రద్ధగా నేర్పింపుడు. రెండు వందల మార్కులతో తృప్తిపడక, ఆ భాషలో మాటలాడువరకు నేర్పింపుడు. ఆ తలంపు లేనిచో, ప్రవేశముల బల్లయొద్ద మిమ్ము తొందరపెట్టువానిని ఒక ప్రశ్న అడుగుడు: "ఈ మార్కులను ఏ విశ్వవిద్యాలయము లెక్కించును?" అతడు దాని పేరు చెప్పలేకపోయినచో, దరఖాస్తులో ద్వితీయభాష యను గడియందు తెలుగు అని వ్రాసి రండు.