షుగర్ గోలీలు గుర్దాల్ని తినవు భాయ్, షుగరే తింటుంది



కొత్తచెరువులో చాయ్ బండి దగ్గర, వలీమా దావత్‌లో దస్తర్‌ఖాన్ మీద, జుమ్మా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల మీద, ఎక్కడ షుగర్ మాట వచ్చినా ఒక సలహా ఖాయంగా వినిపిస్తుంది: "ఆ గోలీలు ఎక్కువ మింగొద్దు భాయ్, గుర్దాలు పోతాయి." చెప్పేవాళ్లు దుష్మన్‌లేం కాదు. ఖాలాలు, చాచాలు, పక్కింటి ఆపాలు. ముహబ్బత్‌తోనే చెప్తారు. ఆ ముహబ్బతే నలభై, యాభై ఏళ్ల మన మనుషుల్ని డయాలసిస్ మంచం దాకా మోసుకుపోతోంది. ఈ రోజు నా కొట్లాట ఆ మాటతోనే.

ఆ మాట గాల్లోంచి పుట్టలేదు. దానికి కళ్లారా చూసిన గవాహీ ఉంది, అందుకే అంత గట్టిగా నిలబడింది. ఒకాయన పదేళ్లు మెట్‌ఫార్మిన్ మింగుతాడు. మధ్యలో మానేస్తాడు, మళ్లీ మొదలుపెడతాడు. పదకొండో ఏట కాళ్లు వాస్తాయి. పెద్దాసుపత్రికి పోతే క్రియాటినిన్ పెరిగిందంటారు. డాక్టర్ ముందుగా మెట్‌ఫార్మిన్ ఆపేస్తాడు. ఇంట్లోవాళ్లు లెక్క కట్టేస్తారు: గుర్దాలు చెడ్డాయి, డాక్టరే ఆ గోలీ ఆపినాడు, ఇంకేం సబూత్ కావాలి?

ఎందుకు ఆపాడో మాత్రం ఎవరూ అడగరు. మెట్‌ఫార్మిన్ ఒంట్లోంచి బయటికి పోయే దారి గుర్దాలే. వాటి వడపోతను కొలిచే లెక్కని ఈజీఎఫ్‌ఆర్ అంటారు. ఆ లెక్క 45 కంటే తగ్గితే మందు మోతాదు తగ్గిస్తారు, 30 కంటే తగ్గితే ఆపేస్తారు. చెడిన గుర్దాలు ఆ మందుని బయటికి పంపలేవు, అది రక్తంలో పేరుకుంటుంది. వంతెన కూలిందని బస్సులు ఆపితే, బస్సుల వల్లే వంతెన కూలిందనడం ఏం ఇన్సాఫ్?

రెండో ఝూటా గవాహీ ఇంకా ఖతర్నాక్. ఏళ్ల తరబడి 250, 300 ఉన్న షుగర్ ఉన్నట్టుండి 120కి, 100కి దిగుతుంది. "కాకరకాయ రసం పనిచేసింది, అల్‌హందులిల్లాహ్" అని మిఠాయి పంచినవాళ్లున్నారు. ఒంట్లో వాడేసిన ఇన్సులిన్‌ని విరిచేసే పనిలో గుర్దాలకి పెద్ద హిస్సా ఉంది. గుర్దాలు బాగా దెబ్బతింటే ఆ పని ఆగుతుంది, ఇన్సులిన్ ఎక్కువసేపు రక్తంలో నిలుస్తుంది, షుగర్ దానంతటదే పడుతుంది. పాత షుగర్ ఉన్నవాళ్లకి కారణం లేకుండా షుగర్ తగ్గితే అది ఖుష్‌ఖబరీ కాకపోవచ్చు. మిఠాయి పంచేముందు గుర్దాల టెస్టు చేయించండి.

మరి అసలు ముజ్రిమ్ ఎవరు? ఒక్కో గుర్దాలో సుమారు 10 లక్షల సన్నటి జల్లెళ్లుంటాయి. రెండూ కలిసి రోజుకి దాదాపు 180 లీటర్ల నీటిని రక్తంలోంచి వడకడతాయి. అందులో ఒకటి రెండు లీటర్లే పేషాబ్‌గా బయటికి వస్తుంది, మిగిలిందంతా ఒంట్లోకే తిరిగిపోతుంది. రక్తంలో షుగర్ ఎక్కువైతే ఈ జల్లెళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. మొదట్లో మామూలు కంటే ఎక్కువే వడకడతాయి. అప్పుడు రిపోర్టు చూస్తే గుర్దాలు పహిల్వాన్‌లా కనపడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ జల్లెడ గోడలు మందమవుతాయి, మచ్చలు పడతాయి, ఒంట్లో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రొటీన్ పేషాబ్‌లోకి కారుతుంది. బీపీ తోడైతే ఈ తబాహీ రెండింతలు వేగంగా నడిచినట్టే. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. దుకాణం తీస్తాం, కుట్టు మిషన్ తొక్కుతాం, ఆటో తోలుతాం. ఏమీ తెలీదు.

"మొన్ననే క్రియాటినిన్ చూపించుకున్నా, నార్మల్" అంటారా? ఆ తసల్లీ చాలదు భాయ్. గుర్దాల శక్తి దాదాపు సగం పోయేదాకా చాలామందిలో క్రియాటినిన్ పెద్దగా కదలదు. ముందుగా ఖబర్ ఇచ్చేది పేషాబ్ టెస్టు. పాతకాలం హకీమ్ సాబ్ నబ్జ్ పట్టుకుని, ఆ వెంటనే అడిగేది ఖారూరా. మరీజ్ పేషాబ్‌ని సీసాలో తెప్పించుకుని, వెలుతురుకి ఎత్తి రంగు, నురగ చూసేవాడు. ఇవాళ మన ఊళ్లల్లో షుగర్ మరీజ్ ఏడాదికి పన్నెండుసార్లు వేలు గుచ్చించుకుంటాడు, పదేళ్లలో ఒక్కసారి కూడా ఖారూరా చూపించుకోడు. ల్యాబ్‌లో ఆ టెస్టు పేరు ఏసీఆర్. 30 లోపు ఉంటే మంచిది. 30 నుంచి 300 మధ్య ఉంటే లీకేజీ మొదలైనట్టు. 300 దాటితే ముదిరినట్టు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఊరికే పెరుగుతుంది కాబట్టి ఒక్క రిపోర్టుతో బెదిరిపోకుండా మళ్లీ చేయించాలి. ఈ వయసులో వచ్చే షుగర్‌కి ఈ టెస్టు, ఈజీఎఫ్‌ఆర్ రెండూ బీమారీ బయటపడిన రోజే చేయించాలి, ఆ తర్వాత ప్రతి ఏడాదీ చేయించాలి. ఎందుకంటే మనకి తెలిసేసరికే ఆ షుగర్ ఒంట్లో చేరి ఏళ్లయి ఉంటుంది.

ఇక గోలీల మీద ఇల్జామ్ సంగతి. బ్రిటన్‌లో వేలమంది కొత్త షుగర్ మరీజ్‌లని సుమారు పదేళ్లు గమనించిన యూకేపీడీఎస్ అధ్యయనం 1998లో బయటికొచ్చింది. మనం భయపడే ఆ గోలీలు, ఆ ఇన్సులినే ఇచ్చి షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టినవాళ్లకి కళ్లు, గుర్దాల్లాంటి సన్న రక్తనాళాల తక్లీఫ్‌లు 25 శాతం తగ్గాయి. 2001లో లోసార్టాన్ అనే బీపీ గోలీ మీద వచ్చిన అధ్యయనంలో, అప్పటికే గుర్దాలు దెబ్బతిన్న షుగర్ మరీజ్‌లకి డయాలసిస్, మార్పిడి దాకా పోయే ప్రమాదం 28 శాతం తగ్గింది. 2020లో డపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ గోలీ గుర్దాలు మరింత కూలే, లేదా గుర్దా, గుండె జబ్బులతో చనిపోయే ప్రమాదాన్ని దాదాపు 39 శాతం తగ్గించింది. అదే ఏడాది మన దేశంలో ఆ మందు మీదున్న ఒక పేటెంట్ గడువు తీరి, చవక గోలీలు బజార్లోకి వచ్చాయి. ఎవరికి ఏది పనికొస్తుందో డాక్టరే తేల్చాలి. కానీ "గోలీలు గుర్దాల్ని తింటాయి" అనేవాళ్లకి జవాబు ఇదే: గుర్దాల్ని కాపాడేవాటిలో గోలీలే ముందున్నాయి.

గుర్దాల్ని నిజంగా తినే గోలీలు వేరే ఉన్నాయి. వాటిని మనం బిస్కెట్లలా తింటాం. మోకాళ్ల నొప్పికి, నడుం నొప్పికి చీటీ లేకుండా తెచ్చుకునే డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల మనది. ఎండలో శనక్కాయ చేన్లో పనిచేసి, చాలినన్ని నీళ్లు తాగక, రాత్రికి నొప్పి గోలీ మింగితే, షుగర్‌తో అలసిన గుర్దాలు ఏం కావాలి? దాని మీద, పేరూ పర్చీ లేని పొడులు, కుష్తాలు. పాదరసం, సీసం కలిసిన కుష్తా గుర్దాలకి జహర్. తిబ్బ్ అంటే నాకూ ఇజ్జత్ ఉంది. కానీ లోపల ఏముందో రాయని పొట్లాన్ని తిబ్బ్ అనొద్దు, అది సౌదా.

గుర్దాల బీమారీ అనగానే తెలుగోళ్లకి శ్రీకాకుళం ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం వైపు కొబ్బరి తోటల్లో పనిచేసే పేదలు, షుగర్ లేనివాళ్లు కూడా, గుర్దాలు పోయి చనిపోయారు. ఎన్నో ఏళ్లు నీళ్లు, మట్టి పరీక్షించినా పూర్తి కారణం ఇదీ అని తేలలేదు. ఆ బాధితులు అడిగేది ఒక్కటే: మాకెందుకొచ్చింది? మనకా సవాల్ లేదు. మన ముజ్రిమ్ పేరు తెలుసు, వచ్చే దారి తెలుసు, అడ్డుకునే మందు తెలుసు. తెలిసీ చేతులు కట్టుకుని కూర్చుని "తక్దీర్" అంటే, అది తక్దీర్ మీద తోహ్‌మత్. ఒళ్లు అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని మింబర్ మీంచి వింటూనే ఉన్నాం కదా.

ఇది ఒక్కడి బీమారీ కూడా కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కలో దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. గుర్దాలు పోయేది కూడా సరిగ్గా బిడ్డ నికాహ్, కొడుకు చదువు ముందున్న వయసులో. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. 2007లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. డయాలసిస్ దాని కిందే నడుస్తోంది. షుక్ర్. కానీ పోయిన రోజుకూలీ ఎవరిస్తారు? తోడు వెళ్లే బీవీ కూలీ ఎవరిస్తారు? పొద్దున్నే ధర్మవరం బస్సెక్కి చీకటి పడ్డాక తిరిగొచ్చే మనిషి దుకాణం ఎవరు తీస్తారు?

ఇంకో నాఇన్సాఫీ ఉంది. ఇంట్లో అబ్బాకి రిపోర్టుల ఫైలుంటుంది, అమ్మీకి ఉండదు. అందరూ తిన్నాక మిగిలిన అన్నం ఆమె తింటుంది, అందరి మందులూ ఆమే గుర్తుచేస్తుంది, ఆమె వేలు మాత్రం ఎవరూ గుచ్చరు. కాన్పు టైంలో షుగర్ వచ్చిపోయిన ఆడవాళ్లకి తర్వాత అది స్థిరంగా వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. ఆ సంగతి ఎన్ని సుస్‌రాళ్లకి తెలుసు?

రమ్‌జాన్‌లో పెద్దవాళ్లు గోలీలు మానేసి రోజా పడతారు, ఇఫ్తార్‌లో షర్బత్‌తో మొదలుపెడతారు. సూరహ్ బఖరా 184, 185 ఆయత్‌లు మరీజ్‌కి రుఖ్సత్ ఇచ్చాయి. అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ని మనం ఎందుకు కాదనాలి? గుర్దాలు దెబ్బతిన్నవాళ్లు డాక్టర్‌నీ, ఆలిమ్‌నీ ఇద్దర్నీ అడిగే నియ్యత్ చేయాలి. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని ఉలమాలే చెప్తున్నారు.

మస్జిద్ కమిటీ పెద్దలకి నా గుజారిష్. ఒక్క దావత్‌లో ఒక్క మీఠా తగ్గించండి. ఆ పైసలతో ఏడాదికి ఒక జుమ్మా నాడు ముప్పై అయిదు దాటిన మర్దులకి, ఔరతులకి షుగర్, బీపీ, ఏసీఆర్ టెస్టులు పెట్టించండి. దూదేకుల ఇళ్లు, షేక్‌ల ఇళ్లు అని ఫర్ఖ్ చూడొద్దు. పక్కింటి హిందూ అన్ననీ పిలవండి, గుర్దాలకి మజహబ్ లేదు. ఖుత్బా తర్వాత ఇమామ్ సాబ్ రెండు మాటలు చెప్తే, నేను రాసే వంద వ్యాసాల కంటే ఎక్కువ పని జరుగుతుంది.

ఇది చదివినవాళ్లు ఈసారి షుగర్ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టర్‌ని ఒక్క మాట అడగండి: "సాబ్, నా ఏసీఆర్ ఎంత?" ఆయన చేయించకపోతే మీరే చేయించమనండి. అమ్మీని కూడా వెంట తీసుకుపోండి. చాయ్ బండి దగ్గర ఎవరైనా "గోలీలు మింగితే గుర్దాలు పోతాయి" అంటే, ఈ సారి ఊరుకోకండి. చక్కెర లేని చాయ్ ఒకటి ఇప్పించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెప్పండి.

ఖుదా హాఫిజ్.