బావురు పిల్లికి చట్టం ఒక్కటే చాలదు

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో బావురు పిల్లి ఉంది. నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి అది. దాన్ని వేటాడితే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జైలే. 1978లో ప్రభుత్వం ఆ అడవిని అభయారణ్యం చేసింది. 2018 లెక్కలో సుమారు 115 పిల్లులు తేలాయి. మంచిదే. కానీ వల చింపి చేప ఎత్తుకుపోతే జాలరికి కోపం రాదా? మన కొండల్లో పంట తిన్న అడవి పంది మీద మన అయ్యలకు రావట్లేదా! గార్డు ఒక్కడే అడవంతా కాయలేడు. మడ ఉంటేనే చేప, చేప ఉంటేనే పిల్లీ, జాలరీ బతికేది. కాబట్టి జాలరికి నష్టం కట్టివ్వాలి, కాపలా పని కూడా అతనికే ఇవ్వాలి. మీరేమంటారు?