భయపడినందువలన చనిపోలేదమ్మా



2021 వేసవిలో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మేము పదేపదే విన్న మాట ఒకటున్నది: "జబ్బు కాదండీ, భయమే చంపింది." ఓదార్చడానికే అలా అన్నారు. గాని భర్తను పోగొట్టుకొన్న ఒక సహోదరి గుండెలో ఆ మాట ముల్లై మిగిలింది. "ధైర్యంగా ఉంటే బతికేవారా, అయ్యగారూ?" అని ఆమె నేటికీ మమ్మును అడుగుతుంది.

ఒత్తిడి అనే మాట శాస్త్రజ్ఞులు కూడా వాడుతారు. అయితే ఇక్కడ వారు చెప్పేది మనస్సులోని దిగులు కాదు, కంటికి కనబడని కణములో జరిగే సంగతి.

కణము ఎల్లప్పుడు ప్రోటీన్లు తయారుచేస్తూ ఉంటుంది. వైరస్ చొరబడిందని పసిగట్టగానే ఆ పనిని తగ్గించివేస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే గుంటూరు మిర్చి యార్డు మూసివేశారు గదా, అలాంటిదే. నష్టమే అయినా తప్పదు. వైరస్‌కు సొంత తయారీ లేదు గనుక, కణము పని ఆపితే దాని పనీ ఆగవలసిందే. తయారీకి ఆర్డరు చీటీల వంటి ఆర్.ఎన్.ఏ.లను కణము చిన్న కుప్పలుగా పక్కన పెడుతుంది. వాటిని స్ట్రెస్ గ్రాన్యూల్స్ అంటారు.

కోవిడ్ వైరస్ ఈ కట్టడినే తనకు అనుకూలముగా మార్చుకొంటుంది. దాని ఎన్ ప్రోటీన్, కుప్పలు కట్టే జి3బిపి1 అనే ప్రోటీన్‌ను పట్టుకొని వాటిని చెదరగొడుతుంది. ఎన్‌ఎస్‌పి1 అనే మరొకటి, ప్రోటీన్లు తయారయ్యే రైబోజోము ద్వారమునకు బిరడా వేస్తుంది. కణము చీటీలు బయటే నిలిచిపోతాయి. వైరస్ చీటీల తలపై ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది గనుక, లాక్‌డౌన్‌లో పాసు ఉన్న బండిలా అవి సాగిపోతాయి. పొరుగు కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ తయారీ సైతం కుంటుపడుతుంది.

ఈ పోరాటము మన ఎరుక లేకుండానే జరుగుతుంది. ధైర్యవంతుని కణమునైనా, పిరికివాని కణమునైనా వైరస్ ఇదే విధముగా లోబరచుకోజూస్తుంది. ఎడతెగని దిగులు ఆరోగ్యమునకు చేటే. అయినను వయస్సు, షుగరు, గుండెజబ్బు, ఆక్సిజన్ వేళకు అందకపోవడము ఎందరి ప్రాణాలమీదికో తెచ్చాయి.

గనుక ఆ సహోదరితో మేము చెప్పినది ఇదే: "లేదమ్మా, ఆయన తప్పేమీ లేదు."

ఆయాసము వస్తే ధైర్యము చెప్పి ఊరుకోక వెంటనే ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి. శత్రువును ముందుగా గుర్తుపట్టుట శరీరమునకు నేర్పేది టీకాయే. ఇక దుఃఖములో ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు, యోబు స్నేహితులవలె కారణాలు వెదకక, పక్కన కూర్చుందము.