విప్పి చూడని విద్య

చదువు వేరు, చేతిపని వేరు అను భావము మన సమాజములో లోతుగా నాటుకొనియున్నది. పుస్తకము పట్టిన చేయి స్క్రూడ్రైవరు పట్టరాదనియు, స్క్రూడ్రైవరు పట్టిన చేతికి పుస్తకముతో పనిలేదనియు మనము తెలియకయే నమ్ముచున్నాము. ఈ నమ్మకము వలన ఇరుపక్షములవారును నష్టపోవుచున్నారు. దీనిని నిరూపించుటకు గొప్ప సిద్ధాంతములు అక్కరలేదు. మన ఇండ్లలో స్నానాలగది ప్రక్కన నిలిచియున్న వాషింగ్ మెషీను ఒక్కటి చాలును.

ఈ యంత్రము ఒక్కనాట పుట్టినది కాదు. 1767 లో జర్మను పండితుడు షెఫర్ ఉతుకు యంత్రమొకదాని నమూనాను ప్రకటించెను. 1851 లో అమెరికావాసి జేమ్స్ కింగ్ తిరుగు పీపా గల యంత్రమునకు పేటెంటు పొందెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో దానికి విద్యుత్ మోటారు తోడైనది. మన మధ్యతరగతి ఇండ్లకు మాత్రము అది 1980ల చివరను, 1990లలోను చేరనారంభించినది. అంతవరకు చాకిరేవు, నూతిగట్టు, పెరటిలోని బండ, ఇవియే మనకు ఉతుకుడు స్థలములు. రజకుల రెక్కల కష్టమును, ఇంటి ఇల్లాండ్ర నడుము నొప్పిని లెక్కగట్టినవారు లేరు. నేడు ఆ శ్రమలో కొంత భాగమును యంత్రము మోయుచున్నది. అది ఆగిన నాడు ఆ బరువంతయు తిరిగి తల్లి మీదనే పడుచున్నది. అందుచేత యంత్రము చెడిన ఇంటిలో ఆ కష్టము మొదట తెలియునది ఆమెకే.

అట్టి సమయమున మనము చేయు పని యేమి? కొందరు పాతసామాను బండివానికి అయినకాడికి అమ్మి, వాయిదాల మీద క్రొత్తది తెచ్చుకొందురు. మరికొందరు వచ్చిన మెకానిక్కు ఏది చెప్పిన దానికి తల యూపుదురు. ఈ ఇరువురును చేయనిది ఒక్కటే: యంత్రమును ఒక ప్రశ్న అడుగుట. సైన్సు పట్టా గోడకు తగిలించుకొన్న ఇండ్లలో సైతము ఈ ప్రశ్న వినబడుట లేదు. విద్య ప్రశ్నింప నేర్పునదే యైనచో, ఆ విద్య మన ఇంటి గడప దాటి లోనికి రాలేదని ఒప్పుకొనక తప్పదు.

మా పొరుగింట జరిగిన విషయమొకటి ఇక్కడ చెప్పుట అవసరము. వారిది రెండు తొట్ల యంత్రము. స్విచ్చు వేయగా "గుం" అను ధ్వని వచ్చుచున్నది గాని ఉతుకు చక్రము తిరుగుట లేదు. మొదట వచ్చి చూచినవాడు మోటారు కాలిపోయినదని తేల్చి, దానిని మార్చవలెనని పెద్ద మొత్తము చెప్పిపోయెను. పిదప వారు పూర్ణా మార్కెట్టు ప్రక్క సందులో చిన్న దుకాణము నడుపు ఒక వృద్ధుని పిలిపించిరి. కూరగాయల బుట్టలు, పూలదండలు, కిరాణా బస్తాల సందడి నడుమ మిక్సీలు, ఫ్యానులు బాగుచేయుచు జీవితమును గడిపిన మనిషి. ఆయనను మేమందరము చాచా అనియే పిలుతుము. ఆయన ముందుగా ఏ మరయు విప్పలేదు. స్విచ్చు వేయించి చెవియొగ్గి వినెను. ప్లగ్గు తీయించి చక్రమును చేతితో త్రిప్పి చూచెను. అది తేలికగానే తిరిగినది. అంతట మా వైపు తిరిగి ఇట్లనెను: "మాస్టారూ, మోటారు అరుస్తోందంటే బతికే ఉంది. కాలిపోయిన మోటారైతే వాసన కొడుతుంది, లేదా నోరే ఎత్తదు. దీనికి మొదట తోసేవాడు లేడు, అంతే." కెపాసిటరు మార్చగానే యంత్రము తిరిగినది. ఖర్చు మొదటివాడు చెప్పినదానిలో చిన్న భాగము మాత్రమే.

చాచా చెప్పిన "తోసేవాడు" ఎవరు? ఒకే ఫేజు విద్యుత్తు మీద నడచు ఇట్టి మోటారు తనంత తాను కదలలేదు. అందలి ప్రధాన చుట్టలోని అయస్కాంత క్షేత్రము ముందు వెనుకలకు ఊగునే గాని గుండ్రముగా తిరుగదు. కెపాసిటరు రెండవ చుట్టలోని ప్రవాహమునకు కాలభేదము కల్పించి, ఆ క్షేత్రము తిరుగునట్లు చేయును. కెపాసిటరు బలహీనపడినచో మోటారు మూలుగునే తప్ప లేవదు. మన ఇంటర్మీడియట్ విద్యార్థులు కెపాసిటరును గూర్చి లెక్కలు చేసి మార్కులు తెచ్చుకొనుచున్నారు. చాచాకు ఆ సూత్రము తెలియదు. మన విద్యార్థులకు ఆ మూలుగు తెలియదు. సూత్రమును మూలుగును ఒక్క తలలో కలుపుటయే మన కళాశాల చేయవలసిన పని యని మా అభిప్రాయము.

చాచా పద్ధతిలో ఒక తర్కమున్నది. పరీక్ష బయటినుండి లోపలికి సాగవలెను, ఖర్చులేని కారణమునుండి ఖర్చైన కారణమునకు పోవలెను. యంత్రము అసలు పలుకనిచో మొదట చూడవలసినది మోటారును గాదు. ప్లగ్గును, సాకెట్టును, ఫ్యూజును, మూత సరిగా పడినదా లేదా అను విషయమును. మూతగాని తలుపుగాని సరిగా పడనిచో రక్షణ స్విచ్చు యంత్రమును కదలనీయదు. నీరు నిండనిచో కుళాయి తిప్పి, గొట్టము చివరనుండు జల్లెడను తీసి చూడవలెను. ఇసుక, తుప్పు రేణువులు దానిని మూసివేయుట సర్వసాధారణము. జల్లెడ శుభ్రముగానే యున్నచో నీటి ఒత్తిడిని ఆలోచింపవలెను. పది మీటర్ల ఎత్తునుండి దిగు నీటికి చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి యుండును. పై అంతస్తులో, ట్యాంకునకు రెండు మీటర్ల క్రిందనే యంత్రమునుంచినచో అందులో అయిదవ వంతే లభించును. అప్పుడు తప్పు యంత్రముది కాదు, ఎత్తుది. నీరు పోనిచో గొట్టము మడతపడినదేమో, పంపు ముందరి జాలిలో నాణెములు, పిన్నీసులు, బట్టల పీచు చిక్కుకొన్నవేమో చూడవలెను. పిండునప్పుడు యంత్రము గంతులు వేసినచో దుప్పటి ఒకవైపు ముద్దయై యుండవచ్చును, లేదా నాలుగు కాళ్లు సమముగా లేకపోవచ్చును. తాపీమేస్త్రి వాడు రసమట్టము ఆ రహస్యమును ఒక్క నిమిషములో చెప్పగలదు.

విశాఖపట్టణమునకు తనవైన కారణములును కొన్ని కలవు. సముద్రపు గాలిలోని ఉప్పు యంత్రపు అడుగు రేకును, మరలను, తీగల కొసలను తినివేయును. బాల్కనీలో వర్షపు జల్లునకు నిలిచిన యంత్రము గదిలోని యంత్రము కన్న ముందుగా తుప్పు పట్టును. ఎత్తైన స్టాండు, అప్పుడప్పుడు పొడిగుడ్డతో తుడుచుట, ఉతికిన పిదప మూత కొంతసేపు తెరచియుంచుట, ఈ మూడింటికి పెద్ద ఖర్చులేదు. కఠినజలము వచ్చు బోర్లున్న ఇండ్లలో నీరు కాచు యంత్రముల హీటరుపై సున్నపు గార కట్టును. నిమ్మ ఉప్పు వేసి బట్టలు లేకుండ వేడినీటితో ఒకసారి నడిపినచో అది చాలవరకు కరుగును. చేతి ఉతుకుడు పొడిని ముందు తలుపు యంత్రములో పోసి, నురగ పొంగగా యంత్రమును నిందించు ఇండ్లును తక్కువ కావు.

అయితే తెలివికి ఒక హద్దుండవలెను. నీరు, విద్యుత్తు కలిసిన చోట ధైర్యము కన్న జాగ్రత్త మేలు. ప్లగ్గు తీయక మూత విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదప కూడ కెపాసిటరులో విద్యుదావేశము నిలిచియుండును. దానిని సురక్షితముగా ఖాళీచేయు పద్ధతి తెలియనివాడు దాని జోలికి పోరాదు. యంత్రమును తాకినప్పుడు చేయి జిల్లుమన్నచో, ఆ క్షణమే వాడుక ఆపి ఎర్తు తీగను పరీక్ష చేయింపవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచు రక్షణ స్విచ్చు ప్రతి ఇంటను ఉండదగినది. తడినేలపై వట్టికాళ్లతో నిలుచునది సాధారణముగా మన తల్లులు, అక్కచెల్లెండ్రు. ఎర్తు లేని ప్లగ్గును చూచి ఊరకుండుట వారి ప్రాణముతో చెలగాటమే. ఎక్కడ ఆగవలెనో తెలియుట కూడ విద్యయే.

ఈ కాలపు యంత్రములు బాగుచేయుటకు పనికిరావనియు, పారవేసి కొనుటయే లాభమనియు కొందరు వాదింతురు. ఇందులో సగము నిజమున్నది. విడిభాగములు దొరకకపోవుట, సర్క్యూటు బోర్డు ధర క్రొత్త యంత్రపు ధరలో పెద్ద వంతగుట మనమెరిగినదే. కాని ఇది ప్రకృతి ధర్మము కాదు, తయారీదారుల నిర్ణయము, నిర్ణయములను మార్చవచ్చును. ఫ్రాన్సు దేశము 2021 లో కొన్ని వస్తువులు ఎంత సులభముగా బాగగునో తెలుపు అంకెను వాటిపై చూపవలెనని నియమించినది. నాడు ముందు తలుపు వాషింగ్ మెషీను వాటిలో ఒకటిగా నుండెను. అదే సంవత్సరము మార్చి నుండి యూరోపు సమాఖ్యలో ఈ యంత్రముల ముఖ్య విడిభాగములను పది సంవత్సరములు అందుబాటులో ఉంచవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. మన కేంద్ర ప్రభుత్వము కూడ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించి, ఆ డిసెంబరులోనే అందుకొక పోర్టలును ప్రారంభించినది. 2023 ఏప్రిల్ నుండి అమలగుచున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు వాషింగ్ మెషీనులకును వర్తించును. హక్కులు వచ్చుచున్నవి, సంతోషమే. కాని లోపమేదో గుర్తింపలేనివాడు ఏ హక్కును అడుగగలడు? తాళపుచెవి చేతికిచ్చినను తాళమెక్కడున్నదో తెలియవలెను గదా!

చట్టము కన్న కష్టమైన అడ్డంకి ఒకటి మనలోనే యున్నది. అది సిగ్గు. మన విద్యార్థులలో పలువురి తండ్రులు, అన్నలు మెకానిక్కులు, వెల్డర్లు, మోటారు వైండింగు పనివారు. ఓడరేవు, ఉక్కు కర్మాగారము గల ఈ నగరము నిలిచినదే అట్టి చేతుల మీద. అయినను తండ్రి వృత్తి యేమని అడిగినప్పుడు "వ్యాపారము" అని మెల్లగా గొణుగు విద్యార్థులను మేము చూచుచున్నాము. వారు ఎరుగవలసిన చరిత్ర వేరుగా నున్నది. 1206 నాటికే అల్-జజరీ తన యంత్రముల గ్రంథమును ముగించెను. చేతులు కడుగుకొనుటకు నీరందించు యంత్రములను కూడ అందులో వర్ణించి, ఇతరులు నిర్మించుకొనగలుగునట్లు కొలతలతో, బొమ్మలతో వివరించెను. మన కాలమునకు దగ్గరగా, కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబమున 1893 లో జన్మించిన జి.డి. నాయుడు, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొని, దానిని విప్పి తిరిగి బిగించుటతో తన యంత్రవిద్యను ఆరంభించెను. పెద్ద చదువులు లేని ఆయన తరువాత సాంకేతిక విద్యాలయములకు మూలపురుషుడయ్యెను. మరలు విప్పిన చేతులు వీరికి తలవంపులు తేలేదు.

కావున కళాశాల కమిటీ వారికి మా మనవి ఇది. నెలకొక శనివారము, ఒక గది, ఒక మల్టీమీటరు, కొన్ని పనిముట్లు, పాతసామానులో కొన్న యంత్రమొకటి. ఇంతకుమించి అడుగుట లేదు. పూర్ణా మార్కెట్టు నుండి అనుభవజ్ఞుడైన మెకానిక్కునొకరిని గౌరవ వేతనముతో పిలువవలెను. ఆయనకు అధ్యాపకుల వరుసలోనే కుర్చీ వేయవలెను. భౌతికశాస్త్ర అధ్యాపకులు ఆయన ప్రక్కన నిలిచి, ఆయన చేయు ప్రతి పనికి కారణము చెప్పవలెను. విద్యార్థినులకు కూడ టెస్టరు పట్టు అవకాశముండవలెను. యంత్రముతో ప్రతిదినము పనిచేయువారిని దాని జ్ఞానమునకు దూరముగా ఉంచుట న్యాయము కాదు. తెలుగులోను ఉర్దూలోను ఒక రిజిస్టరు వ్రాయవలెను: లక్షణమేమి, ఏమి అనుమానించితిమి, ఏమి తేలినది, ఖర్చెంత. తప్పిన అనుమానములను కూడ కొట్టివేయక అందులో ఉంచవలెను. అయిదేండ్లలో అది మన భాషలలో ఒక చక్కని పాఠ్యగ్రంథమగును.

విద్యార్థులారా! ఇంటిలో యంత్రమాగిన నాడు మీ తల్లి ముందుగా మీ వైపే చూచును. ఆమెకు మీ మార్కుల పట్టికతో అప్పుడు పనిలేదు. ప్లగ్గు తీయండి. వినండి. జల్లెడ చూడండి. తెలియనిచోట ఆగి, తెలిసినవానిని గౌరవముతో పిలువండి. ఆయన పని చేయుచుండగా ప్రక్కన నిలిచి, ఎందుకని అడుగండి. ఆ ప్రశ్నతోనే మీ చదువు మీ ఇంటికి చేరును.